సీసపు అంగీకి గొంగడి మడత

కృష్ణకు పెద్ద వరద వచ్చిన ఏడాది, అంటే 2009 అక్టోబరు పన్నెండవ తేదీన, మాన్యులు శ్రీ ఏసుపాదం గారు కోదాడలోని మన ఆసుపత్రిలో ఎక్స్‌రే విభాగం బాధ్యతలు స్వీకరించినారు. అంతకు ముందు 2001 నుండి సూర్యాపేటలో, ఆ తరువాత మిర్యాలగూడలో పనిచేసి, రెండు చోట్లా రోగుల ఆదరాన్ని, తోటివారి గౌరవాన్ని సంపాదించుకున్నారు.

అప్పుడు ఫిల్ములు కడిగే చీకటి గదిలో అటెండరు పర్వతాలు. గొర్ల కాపరుల ఇల్లు, మూడో తరగతి చదువు, నోట మాట తక్కువ. వచ్చిన రోజే సారు అతనికి ఏప్రాన్ చూపించినారు. కిరణాలను అడ్డుకోవడానికి లోపల సీసపు పొర పెట్టి కుట్టిన బరువైన అంగీ అది.

"అన్నా, దీన్ని ఎన్నడు మడవకు. లోపల సీసం పగులుతది. కొక్కానికే ఉండాలె."

పర్వతాలు తల ఊపినాడు. కానీ కొక్కానికి వేలాడే ఆ అంగీ అతని కంటికి తోలు తీసిన పొట్టేలు లాగా కనిపించేది. సాయంత్రం సారు వెళ్లగానే దించి, తండ్రి గొంగడి మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచేవాడు. పొద్దున సారు రాకముందే మళ్లీ తగిలించేవాడు. అదే శుభ్రం అనుకున్నాడు.

కడుపుతో ఉన్న తల్లి బిడ్డను ఎత్తుకొని వస్తే, ఆమెను బయటకు పంపి, ఆ అంగీ తొడుక్కొని, ఏడ్చే బిడ్డను స్వయంగా పట్టుకొని నిలబడిన సహృదయులు ఏసుపాదం గారు. అప్పుడు గోడ చాటు నుండి బటను నొక్కింది పర్వతాలే.

2012 వేసవిలో, ఒంటి మీద పడిన కిరణాలను కొలిచే సారు బ్యాడ్జి లెక్క వచ్చింది. హద్దు దాటలేదు గానీ, మునుపటి కన్నా ఎక్కువ. అనుమానం వచ్చి సారు ఆ అంగీకే ఎక్స్‌రే తీసినారు. పర్వతాలు ఫిల్ము కడిగి వెలుగుకు పట్టినాడు. తెల్లని సీసం నడుమ నిలువునా అడ్డంగా రెండు నల్లని పగుళ్లు.

"ఏందన్నా, నా కడుపు మీద ఎవలో సిలువ గీసిండ్రు!" అని సారు నవ్వినారు.

పర్వతాలు ఆ ఫిల్మును గబగబా కవరులోకి తోసినాడు. సంజాయిషీ కాగితంలో తప్పు తమదేనని సారే రాసుకున్నారు. ఆ వారమే సారు సతీమణి సరోజన గారు పెద్ద డాక్టరును అడుగుతుంటే పర్వతాలు తలుపు దగ్గర నిలబడి విన్నాడు.

"ఏమన్న అయితదా సార్?"

"ఇంత తక్కువ మోతాదుకు ఏం కాకపోవచ్చమ్మా. ప్రమాదం జర పెరిగితే పెరగొచ్చు. అసలే ఏం కాదని మాత్రం ఎవరు రాసియ్యలేరు. గిసుంటివి బయటపడాలంటె ఏండ్లు పడ్తది."

అటు తరువాత సారుకు జ్వరం వచ్చినా, దగ్గు వచ్చినా, ఆమె ముఖం చూడలేక పర్వతాలు చీకటి గదిలోకి పోయేవాడు. ఆ సిగ్గుతోనే నిరుడు రిటైరైనాడు. ఈ నెలాఖరున సారు పదవీ విరమణ అని, ఆసుపత్రి వేసే ఈ అభినందన సంచికకు నాలుగు మాటలు రాయమని అడిగితే, అతనికి ఇది తప్ప వేరే మాట రాలేదు. కాగితం పక్కకు పెట్టి సారు దగ్గరకు పోయినాడు.

"సార్, అంగీ మడిచింది నేను."

"ఎన్ని దినాలు?"

"మూడేండ్లు. రోజు."

సారు ముందున్న చాయ్ గ్లాసును పక్కకు జరిపినారు.

"రెండేండ్ల సంది మా సరోజన నన్నే తిడుతున్నది, అంగీ సక్కగ చూసుకోలేదని. నేనైతే చెప్ప. నువ్వే చెప్పు."

విరమణ పొందే వారికి దీర్ఘాయువు కోరడం మర్యాద. పర్వతాలుకు అది మర్యాద కాదు, అవసరం. ఏసుపాదం గారు ఏ రోగమూ లేకుండా ఎనభై దాటాలి, తొంభై దాటాలి. డాక్టరు చెప్పిన రెండు మాటల్లో మొదటిదే నిజం కావాలి.

మర్నాడు పొద్దున పర్వతాలు మొదటి బస్సుకు సూర్యాపేటలోని సారు ఇంటికి పోయి, గడప ముందు చెప్పులు విడిచినాడు. "రా అన్నా, కూసో, చాయ్ పెడ్త" అన్నారు సరోజన గారు. అతడు కూర్చోలేదు. "సారు అంగీ ఖరాబు చేసింది నేనమ్మా" అని, భుజం మీది తువ్వాలు తీసి, ఆమె ముందే నాలుగు మడతలు పెట్టి చూపించినాడు.