అల్లుడుగారి గార్డు

ప్రాక్టీసు హాలు పక్కన బట్టలు మార్చుకునే గది. మధ్యలో ఒక కర్టెన్. లోపల అల్లుడు, బయట బెంచీ మీద అత్తగారు.

"తలకిందులుగా పెట్టుకున్నారు అల్లుడుగారూ."

"చూడకుండానే ఎలా చెప్పారు అత్తయ్యా?"

"మీ మూలుగు వింటే తెలిసిపోతోంది. వెడల్పు వైపు పైకి, సన్నటి వైపు కిందికి. ఇరవై రెండేళ్ళు ఇవే కుట్టాను నేను. ఆ ఆటసామాన్ల వర్క్‌షాపులో నా చేతిమీదుగా పోని గార్డు లేదు. ఎంతమంది మగాళ్ళ వంశాలు నా కుట్టు మీద నిలబడ్డాయో!"

"మెల్లిగా అత్తయ్యా, మెల్లిగా. ఎవరైనా వింటారు."

"విననివ్వండి. తలకి హెల్మెట్ పెట్టుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. లోపల ఏమైనా ఉందో లేదో తెలీకపోయినా పెట్టుకుంటారు. ఇక్కడేముందో లోకం మొత్తానికీ తెలుసు, దీనికి మాత్రం సిగ్గు!"

"మీరు హాల్లో కూర్చోండి. నేను అన్నీ పెట్టుకుని వచ్చేస్తాను."

"సోమవారం కూడా అన్నీ పెట్టుకునే వచ్చానన్నారట. ఏం పెట్టుకున్నారు సోమవారం?"

"అంటే... పెట్టుకున్నాను..."

"ఏం పెట్టుకున్నారు?"

"చేతిరుమాలు మడతపెట్టి..."

"చేతిరుమాలా!"

"రెండు అత్తయ్యా. రెండు చేతిరుమాళ్ళు."

"ఇంటినిండా పతకాలు తెచ్చిన పిల్ల తన్నుకి రెండు చేతిరుమాళ్ళు! టైక్వాండో అంటే ముక్కు చీదుకోవడం అనుకున్నారా? కళ్ళజోళ్ళ షాపు నడుపుతారు, ఎదురుగా వచ్చే కాలు కనపడలేదా?"

"కాలు కనపడింది. ఆ తర్వాతే ఏమీ కనపడలేదు."

"సరే, అయిందేదో అయింది. నేను తెచ్చిన సంచిలోంచి ఏది తీసుకున్నారు?"

"పెద్దది."

"పెద్దదెందుకు?"

"అంటే... ఇప్పుడు... మీతో ఎలా చెప్పను..."

"సైజు నడుముని బట్టి అల్లుడుగారూ, గర్వాన్ని బట్టి కాదు. నడుమెంత?"

"ముప్పై రెండు."

"అయితే మీడియం."

"మీడియం అంటే మరీ..."

"మీడియం అన్న ముక్క కత్తిరించి 'మహారాజావారిది' అని కుట్టిస్తాను. తొడుక్కోండి. వదులుగా ఉన్నది అసలు లేనిదానికంటే ప్రమాదం. దెబ్బ తగలగానే పక్కకి జరిగి, దాని అంచే గుచ్చుకుంటుంది."

"ఇందులో మీడియంలు రెండున్నాయి."

"చిన్న సంచిలాంటి దాంట్లో ప్లాస్టిక్ గిన్నె దూర్చింది ఉందే, అది క్రికెట్‌ది. ఒక్క బంతికి సరిపోతుంది. మీకు ఎదురు నిలబడేది బంతి కాదు, నా కూతురు. రెండోది తియ్యండి. చుట్టూ మెత్త ఉండి, నడుముకి వెనకనుంచి బిగించేది."

"ఆఁ, దొరికింది. బిగించాను. బాగానే ఉందే! కాకపోతే ప్యాంటులో మడత పడుతోంది."

"ప్యాంటులో మడతేమిటి? దేని మీద కట్టారు?"

"ప్యాంటు మీద."

"లోపల అల్లుడుగారూ, లోపల! మీదనుంచి కట్టుకుంటే ఊరేగింపుకి పనికొస్తుంది. బిగుతైన డ్రాయరు, దానిమీద ఇది, దీనిమీద ప్యాంటు. మా కుట్టుపనివాళ్ళం చెప్పీ చెప్పీ అలిసిపోయి, చివరికి అట్టపెట్టె మీద బొమ్మ వేయించాం. అయినా మగాళ్ళు బొమ్మ చూడరు. ఆ విషయం తమకి పుట్టుకతోనే తెలుసనుకుంటారు."

"నేను బొమ్మ చూశాను. బొమ్మలో వాడు నవ్వుతున్నాడు. అందుకే నమ్మలేదు."

"అయిందా?"

"అయింది. లోపలే కట్టాను."

"గొంతుక్కూర్చోండి."

"కూర్చున్నాను."

"ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

"ఎడమవైపు, కొంచెం..."

"పట్టీ మెలిక పడింది. సాపు చెయ్యండి. ఇప్పుడు లేచి మోకాలు ఛాతీదాకా ఎత్తండి. గార్డు కదిలిందా?"

"గార్డు కదల్లేదు. నేనే కదిలాను. గోడ పట్టుకుని ఆగాను."

"ఇప్పుడు వేళ్ళ కణుపులతో తట్టండి. తలుపు తట్టినట్టు."

"అత్తయ్యా!"

"నేను తట్టనా?"

"వద్దొద్దు! తట్టాను, తట్టాను."

"లోపల ఏమైనా తెలిసిందా?"

"ఏమీ తెలీలేదు. ఎవరూ పలకలేదు."

"పలక్కూడదు. పలికారంటే సైజు తప్పని. ఇంక దాన్ని అలాగే ఉంచుకుని నాలుగడుగులు వెయ్యండి, అలవాటవుతుంది. ఒకమాట అడగనా అల్లుడుగారూ?"

"ఇంకా అడగనిది ఏం మిగిలింది?"

"ఇదంతా మీకెందుకు? మీరు ఆటగాడు కాదు. మెట్లెక్కితే ఆయాసపడతారు. ఇంకెవరినైనా పెట్టుకోవచ్చుగా?"

"పెట్టుకున్న కుర్రాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. సెలెక్షన్ ఇంక పన్నెండు రోజులే. మీ అమ్మాయికి నా అంత పొడుగువాడు ఎదురుగా నిలబడాలి."

"అది కోచ్ చెప్పిన కారణం. మీ కారణం చెప్పండి."

"నా కారణమా... ఏముంది... భార్యకి ఆమాత్రం..."

"మీ గొంతు పట్టీలా మెలికపడుతోంది. సాపు చేసి చెప్పండి."

"సోమవారం నుంచీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు అత్తయ్యా. నన్ను పడేశాక తువ్వాలులో మొహం దాచుకుని వణికిపోయింది. ఏడ్చింది పాపం. నాకు తగిలిందని బాధ. ఇప్పుడు నన్ను గట్టిగా తన్నడానికి జంకితే సెలెక్షన్‌లో కాలు లేవదు. అందుకే ఇది. నాకేమీ కాదని తనకి నమ్మకం కలగాలి."

"అదీ సగమే. మిగతా సగం?"

"మీరు గార్డులు కుట్టేవారా, కేసులు విచారించేవారా?"

"చెప్పండి."

"...పాప పుట్టిన మూడో నెలలో కోచ్ నాకు ఫోన్ చేశాడు. మళ్ళీ ఎప్పుడు పంపిస్తారని అడిగాడు. నేను... ఆవిడ ఇంక ఆడదండీ అనేశాను. తనని అడగకుండా. ఫోన్ వచ్చిందని కూడా చెప్పలేదు."

"ఏమిటీ!"

"భయమేసింది అత్తయ్యా. అంతకుముందు తన మోకాలికి ఆపరేషన్ అయింది కదా. పాప చిన్నది. ఏదో అనుకున్నాను, ఏదో అనేశాను."

"ఎంతపని చేశారండీ! అది రోజూ ఫోను వంక చూసేది. కోచ్ నన్ను మర్చిపోయాడమ్మా అని నా దగ్గరెంత బాధపడిందో తెలుసా? బంగారంలాంటి పిల్ల! దాని ఆట మీద మాట చెప్పడానికి మీరెవరు? తాళి కట్టినవాడైతే మాత్రం? అడగొద్దూ? ఒక్కమాట అడగొద్దూ?"

"అడగాల్సింది. నిజమే."

"మరి మళ్ళీ ఎలా పంపారు?"

"ఒకరోజు సాయంత్రం పాపని భుజాన వేసుకుని నిద్రపుచ్చుతోంది. రెండు చేతులూ ఖాళీ లేవు. లైటు ఆర్పాలి. కాలెత్తి బొటనవేలితో స్విచ్ నొక్కింది. ఆ స్విచ్ నా తలంత ఎత్తులో ఉంటుంది అత్తయ్యా. పాప కదల్లేదు. తను కూడా ఏదో పెద్ద పని చేశానని అనుకోలేదు. చీకట్లో నేనలా నిలబడిపోయాను. ఈ కాలిని నేను ఇంట్లో లైట్లు ఆర్పడానికి పెట్టానా అనిపించింది. మర్నాడే కోచ్‌కి ఫోన్ చేసి, వస్తుంది, పంపిస్తాను అని బతిమాలాను."

"ఆ సంగతి దానికి తెలుసా?"

"తెలీదు. కోచే స్వయంగా పిలిచాడనుకుంటోంది."

"ఇవాళే చెప్పండి. ఇప్పుడే చెప్పండి. మొగుడూ పెళ్ళాల మధ్య ఇంత అబద్ధం పనికిరాదు."

"చెబుతాను. కోచ్ కూడా చెప్పెయ్యమన్నాడు. ఆ రోజు అసలు ఎవరెవరికి ఫోన్ చేశాడో, ఎవరేమన్నారో అంతా తనకి గుర్తుందట."

"...ఎవరెవరికి అంటే?"

"ఏమో. అలాగే అన్నాడు."

"పేర్లేమైనా చెప్పాడా?"

"లేదే. ఎందుకూ?"

"ఏం లేదు. అల్లుడుగారూ, నేనాలోచిస్తుంటే... ఇప్పుడు చెప్పకపోవడమే మంచిదేమో."

"ఇప్పుడేగా ఇప్పుడే చెప్పమన్నారు!"

"అన్నాను. ఆవేశంలో అన్నాను. పన్నెండు రోజుల్లో సెలెక్షన్ పెట్టుకుని పిల్ల మనసు పాడుచెయ్యడం ఎందుకు? గతం గతః. కొన్ని సంగతులు అలా కప్పి ఉంచితేనే సంసారానికి రక్షణ."

"లేదత్తయ్యా. నేను నిర్ణయించుకున్నాను. తను రాగానే చెప్పేస్తాను."

"అమ్మా, ఈయన ఇంకా తయారవలేదా?"

"వచ్చావా అమ్మాయ్! అయిపోయింది, అయిపోయింది. మీ ఆయనకి కొత్త గార్డు. బ్రహ్మాండంగా కుదిరింది. పదండి పదండి, మాటలొద్దు, ఆట మొదలుపెట్టండి."

"ఒక్క నిమిషం. నీకొకటి చెప్పాలి. పాప మూడో నెలలో కోచ్..."

"ఫోన్ చేస్తే, ఇంక ఆడదండీ అన్నారు."

"...నీకు తెలుసా!"

"తెలుసు. కోచ్ చెప్పాడు."

"ఎప్పుడు?"

"సోమవారం పొద్దున."

"సోమవారం పొద్దున... నన్ను తన్నింది సోమవారం సాయంత్రం కదా?"

"అవును."

"కాలు జారిందన్నావు!"

"పదేళ్ళ వయసు నుంచీ తంతున్నాను. నా కాలు జారడం ఎప్పుడైనా చూశారా?"

"మరి తువ్వాలులో మొహం పెట్టుకుని ఏడ్చావు!"

"ఏడ్చాను, నవ్వాను, రెండూను. మీరు కింద పడి కూడా 'నాకేం కాలేదు, తన్ను బాగా కుదిరింది' అన్నారు. లోపలనుంచి చేతిరుమాలు బయటికి వచ్చింది. ఎంత కోపమున్నా ఎలా ఆపుకోను?"

"ఈ మూడు రోజులూ నువ్వు సిగ్గుపడి మాట్లాడటం లేదనుకున్నాను."

"మళ్ళీ నోటితో ఏమంటానో అని మాట్లాడలేదు. మీరే వచ్చి చెబుతారా లేదా అని చూశాను. చెప్పారు. అయిపోయింది. మళ్ళీ పంపిస్తానని బతిమాలింది మీరేనట, అదీ చెప్పాడు. రండి, చేతికి ప్యాడ్లు కట్టుకోండి."

"అయితే ఇవాళ గట్టిగా తంతావా?"

"ప్యాడ్ మీదే తంతాను. గార్డుతో పనిలేదు, విప్పేసినా ఫరవాలేదు."

"వద్దులే. ఎంత కష్టపడి కట్టానో నాకు తెలుసు. అత్తయ్యా, విన్నారా? చెప్పేస్తేనే మంచిదైంది! అత్తయ్యా? ఎక్కడికి?"

"పాప లేచిందేమో... ఇంటికెళ్ళి చూస్తాను."

"పాప పిన్ని దగ్గర ఆడుకుంటోంది. ఇప్పుడే మాట్లాడాను. నువ్వు కూర్చోమ్మా."

"ఎండ ముదిరితే నడవలేను అమ్మాయ్..."

"కూర్చో. కోచ్ ఈయనకి చేసింది రెండో ఫోను. మొదటిది నా పుట్టింటికి చేశాడట. నా కూతురు ఆట మానేసింది, ఈ నంబరుకి ఇంకెప్పుడూ చెయ్యొద్దు అని పెట్టేసిందెవరో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"