పదహారు డ్రమ్ముల అడుగున

విమానాశ్రయంలో, వాడేసిన వంటనూనెతో విమాన ఇంధనం తయారుచేసే యార్డు. నూనె పరీక్షించే గదిలో ఇద్దరు అక్కాచెల్లెళ్ళు. హోటళ్ళ నుంచి నూనె పోగుచేసి తెచ్చేది అక్క, పరీక్షించేది చెల్లెలు.

“...ఆ పచ్చ స్టిక్కర్లు అంటించేస్తే నేను పోతానే చిట్టీ. లారీ ఎండలో ఉంది.”

“కూర్చో అక్కా.”

“కూర్చోడానికి టైమేదీ? పదకొండింటికి తనిఖీవాళ్ళు వస్తున్నారుగా.”

“అందుకే కూర్చోమంటున్నా. ఈ పదహారు డ్రమ్ములూ ఎక్కడివి?”

“పదహారు హోటళ్ళవి. కాగితంలో రాసుంది.”

“కాగితం చదివాను. తనిఖీ కదా అని ఇవాళ అన్నిట్లోంచీ తీసి వరసగా పెట్టా. ఈ గ్లాసుల అడుగున ఏముందో చూడు.”

“మడ్డి. వాడిన నూనెలో మడ్డి కాక మల్లెపూలుంటాయా?”

“చేపల హోటల్ నూనెలో చేప లేదు. బంగాళాదుంపలవాడి నూనెలో దుంప ముక్క లేదు. పదహారింటిలోనూ మాడిన రస్కు పొడే.”

“ఊళ్ళో అందరూ రస్కులే తింటున్నారేమో.”

“అక్కా.”

“ఏంటే ఆ చూపు?”

“మడ్డి కూడా చూడాలని కొత్త రూలొచ్చిందని పోయిన నెల అన్నం తింటూ నీకు నేనే చెప్పాను. ‘ఇంకేం చూస్తారే?’ అనడిగావు. నా పనంటే ఎంత ఇష్టమో అనుకుని అన్నీ చెప్పా. మర్నాటి నుంచీ మడ్డి వచ్చింది.”

“అన్నం చల్లారిపోయేదాకా చెప్పావు.”

“ఇది కొత్త నూనె. అవునా, కాదా?”

“వీళ్ళు రోజుకి పదహారు అడుగుతారు. ఊరు ఊరంతా కూర్చుని వేయించినా ఆరు నిండవు. ఏం చెయ్యమంటావు?”

“ఆరే ఇవ్వాల్సింది! అడవులు కొట్టేసి వేసిన పామాయిల్ తోటల నూనె అక్కా ఇది. గేటు మీద ‘పొగ లేని విమానాశ్రయం’ అని బోర్డు. రోజూ దాని కిందనుంచి తలెత్తుకుని వస్తున్నా నేను.”

“మెల్లగా. బయట డ్రైవరున్నాడు.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“పచ్చవి అంటించు. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం.”

“ఎర్రవి అంటిస్తున్నా.”

“అంటించు. ఇన్నాళ్ళూ పచ్చవి అంటించిందీ నువ్వే. సంతకాలూ నీవే.”

“తెలీక పెట్టాను! మా అక్క తెచ్చిందని రోజుకో డ్రమ్ము తప్ప మిగతావాటి మూత తీసి వాసన కూడా చూడలేదు. టీచరు ట్రైనింగుకి పోతానంటే వద్దని, ఈ నూనె పరీక్షల కోర్సే నీకు మంచిదని పట్టుబట్టి చేర్పించావు. నన్నింతదాన్ని చేసినదానివి, నన్నే మోసం చెయ్యడానికి మనసెలా ఒప్పింది? నాకీ ఉద్యోగం రాకముందు నువ్విలా లేవు.”

“ఉన్నానే. కుదరలేదంతే.”

“ఏంటి?”

“అప్పుడీ బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. డ్రమ్ము డ్రమ్ముకీ మూత తీసి వాసన చూసేవాడు. ఆయన రిటైరయ్యే ఏడాది చూసుకునే, నిన్నా కోర్సులో చేర్పించాను.”