స్విచ్ కింద చెప్పులు

ఏంటమ్మడూ, ఆదివారం పూట కూడా ఆ మొహమేంటి? కరెంటాఫీసులో ఏఈ ఉద్యోగంలో చేరి నెల్లాళ్ళు కాలేదు, అప్పుడే కళ్ళకింద ఆ నలుపేంటి? ఇలా కూర్చో. మీ మామ్మ కాఫీ కలుపుతోందిలే, పటమట నుంచి ఎండలో నడిచొచ్చాను, అది తాగితేగానీ కదల్ను. ఊఁ, చెప్పు. మాట వినట్లేదా? ఎవరు, లైన్‌మెన్లా? ఎంతమంది? పదహారు. అందరూ నీకంటే పెద్దాళ్ళు, నువ్వేం చెప్పినా "సరే మేడమ్" అనేసి టీ కొట్టుకి పోతున్నారు. గట్టిగా అరిచావా? అరిచావూ. అయినా అంతేనా. నేనూ అరిచినవాణ్ణేలే, కంగారుపడకు. కరెంటు డిపార్ట్‌మెంట్లో ముప్ఫై ఆరేళ్ళు చేశాను, మీ తాతయ్యతో కలిసి స్తంభాలెక్కాను, ఆమాత్రం నాకు తెలీదూ.

శౌరయ్యగారని విన్నావా ఎప్పుడైనా? మీ తాతయ్య చెప్పలేదా? చెప్పి ఉండడులే, కృష్ణారావు మాట్లాడిందే తక్కువ. శౌరయ్యగారు మా లైన్ ఇన్‌స్పెక్టరు. చల్లపల్లి అవతల ఉండేది మా సెక్షను. ఆయన పోయి కూడా ఇరవై రెండేళ్ళవుతోంది. పొట్టిగా, బక్కగా ఉండేవాడు, ఖాకీ చొక్కా ఎప్పుడూ ఒక సైజు పెద్దదే. గొంతు పైకి లేచేది కాదు. చదువు నాలుగో ఐదో, అంతే. కానీ ఆయనొచ్చి "ఏవయ్యా" అన్నాడంటే ఎంత పొగరుబోతైనా బీడీ పారేసి నిలబడేవాడు. నాకేమో ఒళ్ళు మండేది. నేను బెజవాడలో ఐటిఐ చేసినవాణ్ణి మరి, ఈయనలో ఏముందని ఇంత మర్యాద అనుకునేవాణ్ణి. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్ళు, మీసం తిప్పడం ఒకటీ.

ఆయనదొక పద్ధతుండేది. లైను మీద పనంటే ముందు ఏబీ స్విచ్చు దగ్గర కరెంటు ఆపాలి కదా, నీకు చెప్పేదేముంది. స్తంభం మొదట్లో హ్యాండిలు, కిందికి లాగితే లైన్లో కరెంటు పోతుంది, పైకెత్తితే వస్తుంది. పైకెక్కే ప్రతివాడూ ఆ హ్యాండిల్ కింద చెప్పులు విడిచి వెళ్ళాలి. వట్టికాళ్ళతోనే ఎక్కేవాళ్ళం అప్పట్లో. పనయ్యాక ఎవడి చెప్పులు వాడే వచ్చి తొడుక్కోవాలి, ఇంకోడు పట్టుకెళ్ళకూడదు. అక్కడ ఒక్క చెప్పు మిగిలున్నా హ్యాండిల్ మీద చెయ్యి వెయ్యకూడదు. కాయితాలూ సంతకాలూ అన్నీ ఉండేవి, అవీ రాయించేవాడు, కానీ ఆయనకి ధైర్యం మాత్రం చెప్పులు చూస్తేనే. గుడి ముందు విడిచినట్టు ఇదేం మోటు పద్ధతండీ అని నేను నవ్వితే, ఆయనా నవ్వేసి ఊరుకునేవాడు.

తొంభైలో పెద్ద తుఫాను వచ్చింది. మీ నాన్న అప్పటికింకా నిక్కర్లేసుకుని తిరుగుతున్నాడు. స్తంభాలన్నీ చేలల్లో పడుకున్నాయి. శౌరయ్యగారు మమ్మల్ని రెండు గ్యాంగులు చేసి, ఒక గ్యాంగు నాకిచ్చాడు. ఆరుగురు, అందులో అందరికంటే సీనియరు మీ తాతయ్య. నేనేం చేశానో తెలుసా, పెట్టెలో దాచుకున్న బూట్లు తీసి వేసుకున్నాను. గ్యాంగు లీడర్ని కదా. పొద్దున్నించీ సాయంత్రం దాకా అరవడమే. ఒక్కడు వింటే ఒట్టు. మీ తాతయ్య ఒక్కడే "సరే భానూ" అని పనిచేసుకుపోయేవాడు, పాపం.

నాలుగో రోజు ఒక ఊళ్ళో పని. మంచినీళ్ళ ట్యాంకు మోటారు ఆగిపోయి ఆడవాళ్ళంతా బిందెలతో స్విచ్చు దగ్గరకే వచ్చేశారు. పంచాయతీ ప్రెసిడెంటు నా చెవిలో జోరీగ. "ఇంకెంతసేపండీ భానుమూర్తిగారూ, పిల్లలకి నీళ్ళు లేవండీ." గారూ అన్నాడు చూడు, అక్కడ పడిపోయాను నేను. దిగండి దిగండని కేకలేశాను. తాళ్ళు లాగడానికి ఊళ్ళోవాళ్ళు ఓ పాతికమంది వచ్చారు, అందరివీ బురద మొహాలే, ఎవరు మనవాళ్ళో ఎవరు కాదో. స్తంభాలు దిగొచ్చినవాళ్ళు చెప్పులు తొడుక్కున్నారు. ఒక జత మిగిలింది. చూశాను. చూడలేదని అబద్ధం చెప్పను. ఊరివాళ్ళవెవరివో అయ్యుంటాయిలే అని హ్యాండిల్ మీద చెయ్యి వేశాను.

అప్పుడొచ్చాడు శౌరయ్యగారు, సైకిల్ తోసుకుంటూ, ఆ బురదలో. "అవి ఎవరివి?" అన్నాడు. ఊళ్ళోవాళ్ళవేనండీ అన్నాను. సైకిల్ స్టాండేసి, పోయి ఆ చెప్పుల పక్కన బురదలో చతికిలబడ్డాడు. "ఎవరివో వాళ్ళొచ్చి తొడుక్కుంటారు, కూర్చుందాం" అన్నాడు. ప్రెసిడెంటు గొణిగాడు, ఆడవాళ్ళు తిట్టారు, నాకు తల కొట్టేసినట్టయింది. అరగంట. మేమక్కడుండగానే చెరుకు చేల అవతల నుంచి తాడు భుజాన వేసుకుని వచ్చాడమ్మా మీ తాతయ్య. మూడో స్తంభం మీద ముడి వదులైందని అనుమానమొచ్చి మళ్ళీ ఎక్కాడట. చేల అడ్డం వల్ల నా కేకలే వినబడలేదట. వచ్చి, కాళ్ళు దులుపుకుని, ఆ చెప్పులు తొడుక్కున్నాడు. "ఏంట్రా, అందరూ నన్నే చూస్తున్నారు?" అన్నాడు.

ఊఁ. ఉండు, కాస్త నీళ్ళిలా ఇవ్వు.

అక్కడే కూలబడ్డాను. ఏడుపొచ్చేసింది. హమ్మయ్య అనుకున్నానో, దేవుడా అనుకున్నానో గుర్తులేదు. శౌరయ్యగారు నన్ను లేపి, "ఇప్పుడెత్తు" అన్నాడు. నా చేతి మీద ఆయన చెయ్యి వేసి ఎత్తించాడు. మర్నాడు పొద్దున గ్యాంగు మళ్ళీ నాకే ఇచ్చాడు. వద్దండీ, నాకు చేతకాదు అన్నాను. "నిన్నటిదాకా నిన్ను పంపాలంటే నాకు భయంగా ఉండేదయ్యా. ఇవాళ లేదు" అన్నాడు.

అప్పుడు అందరి ముందూ నిలబడి చెప్పాను, నిన్న ఆ చెప్పులు చూసి కూడా హ్యాండిల్ పట్టుకున్నాను, కృష్ణారావుని చంపేసేవాణ్ణి అని. బూట్లు విప్పి స్విచ్చు కింద పెట్టి, మొదటి స్తంభం నేనే ఎక్కాను. మీ తాతయ్య నవ్వి, "ఇంట్లో చెప్పకురోయ్, మా ఆవిడ మళ్ళీ స్తంభం ఎక్కనివ్వదు" అన్నాడు. ఆ పూట నుంచే విన్నారనుకునేవు, లేదు, రెండేళ్ళు పట్టింది. కానీ అరవాల్సిన పని మాత్రం మళ్ళీ పడలేదు. రేపు నువ్వు కూడా ముందు... అన్నట్టు ఒక తమాషా, ఆ పొద్దున మీ తాతయ్య చెప్పులకి ఎర్ర గుడ్డపీలిక కుట్టి ఉంది. ఏంటిది అంటే, గుళ్ళో మారిపోకుండా మా ఆవిడ కుట్టిందన్నాడు. పడీపడీ నవ్వాం. రిటైరయ్యేదాకా ఏ జత కొన్నా ఆ పీలిక ఉండాల్సిందే. మొన్న మంచంలో, ఎనభై ఒకటో ఏట, నిద్రలో పోయాడు మహానుభావుడు. స్తంభం మీద కాదు, మంచం మీద పోయాడని ఆ రోజు నాకెంత తేలికగా అనిపించిందో నీకెలా చెప్పను. ఇదంతా మీ మామ్మకి చెప్పకు. ముప్ఫై అయిదేళ్ళుగా ఆవిడ చేతి కాఫీ తాగుతున్నాను, ఈ వయసులో...

ఆ, రండి వదినగారూ. ఏం లేదు, అమ్మాయి ఆఫీసు సంగతులు. ఏంటీ? మీకు తెలుసా? ఏం తెలుసు? ఎవరు చెప్పారు, కృష్ణారావా? ...శౌరయ్యగారా? ఎప్పుడు? ఆ సాయంత్రమే మీ గుమ్మంలోకి వచ్చాడా? తప్పు నాదన్నాడా, తనదన్నాడా? తనదే అన్నాడూ. రేపు కృష్ణారావుని మళ్ళీ భానుమూర్తి గ్యాంగులోనే పంపమంటావా, వద్దంటావా, నువ్వే చెప్పమ్మా అని అడిగాడా మిమ్మల్ని? మీరేమన్నారు?

అయితే ఆ ఎర్ర పీలిక... గుళ్ళో మారిపోకుండా కాదన్నమాట. నాకు కనబడాలని.

ఆఁ. సరిపోయింది వదినగారూ, పంచదార సరిపోయింది.