బ్రాగో అక్క చావు ఘనంగా చేశాం

ఆ రేకుల షెడ్డా? అది మేకల కోసం కట్టింది కాదురా అడోమాకో, మేకలు తర్వాతొచ్చాయి. అది మన ఊరి కోకో సంఘం షెడ్డు. మా అక్క బ్రాగో కట్టించింది. కూర్చో, నించునే తింటావేం ఆ కాల్చిన అరటికాయ? ఏం చెప్తున్నాను? ఆఁ, అక్క. అబ్బబ్బ, ఏం మనిషిరా బాబూ! అప్పట్లో ఇటువైపు పల్లెలన్నిటికీ గింజలు కొనేవాడు ఆ కారికారి ఒక్కడే. వాడి కాటా మీద ఎంత మూట పెట్టినా ముల్లు కదిలేది కాదు. పైగా "గింజలు సరిగ్గా ఎండలేదు మామా" అని సాగదీసేవాడు. గలగలా మోగుతుంటే ఎండలేదట, వాడి మొహం మండ!

అక్కకి ఒళ్లు మండి, ఇల్లిల్లూ తిరిగి సంఘం పెట్టించింది. కాటా మనదే, తూచేదీ మనమే. సముద్రం అవతల ఏదో కంపెనీ న్యాయమైన ధర ఇస్తానంది, ఊరి బాగుకని ఇంకొంత వేరే ఇస్తానంది. ఒకటే షరతు, ఇస్తామన్న మూటలన్నీ ఇచ్చి తీరాలి. సరే, ఆ పైడబ్బు ఏం చేద్దామని ఊరంతా కూర్చుంటే మగాళ్లు ఏమడిగారో తెలుసా? చావులకి కొత్త కుర్చీలు! అక్క లేచి, "బతికున్నవాళ్లకి గుక్కెడు నీళ్లు లేవు, కుర్చీలెందుకురా సన్నాసుల్లారా" అంది. బోరు వేయించింది. నువ్వు ఇప్పుడు తాగుతున్నవి ఆ నీళ్లే.

ఎవడైనా చాటుగా కారికారికి అమ్మాడని తెలిసిందా, ఇక చూడు. తిట్టేది కాదు. పొద్దున్నే పీట పట్టుకెళ్లి వాడి గుమ్మంలో కూర్చునేది. "మీ ఆవిడ ఫుఫు ముద్ద బాగా దంచుతుందటగా" అని మధ్యాహ్నం అక్కడే తినేది, రాత్రీ అక్కడే తినేది. మర్నాటికి వాడే మిగిలిన మూటలు నెత్తినెత్తుకుని సంఘానికి పరిగెత్తేవాడు.

మంచాన పడ్డాక నా చెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, నాకు మామూలు చెక్కపెట్టె చాలు, గింజలు మాత్రం సంఘం దాటనివ్వకు" అంది. విన్నదెవరు? పట్నం ఆసుపత్రి మంచుపెట్టెలో అక్క శవం ఉండగానే మా వంశపెద్ద బెడియాకో మొదలెట్టాడు. "బ్రాగో అంటే ఆషామాషీ మనిషా? నాలుగూళ్లు చెప్పుకోవాలి!" కోకోకాయ ఆకారంలో శవపెట్టె కావాలట, బ్యాండు కావాలట, ఊరందరికీ ఒకేరకం నల్లబట్ట కావాలట. సంఘం డబ్బు గింజలు ఓడెక్కితేగానీ రాదు. కారికారి అయితే అక్కడికక్కడే చేతిలో పెడతాడు. ఇంకేముంది, ఇంటింటి నుంచీ మూటలు వాడి లారీ ఎక్కాయి. ఒరేయ్, వద్దురా, అక్క బతికుంటే మీ గుమ్మాల్లో కూర్చునేదిరా అని గొంతు చించుకున్నాను. బెడియాకో ఏమన్నాడు? "సొంత అక్క శవం దగ్గరా నీ పిసినారితనం?" అన్నాడు. అందరూ నన్ను దొంగని చూసినట్టు చూశారు. ప్రేమతోనే చేశార్రా, అదే నా కడుపుమంట! ద్వేషంతో చేస్తే కొట్టి ఆపేవాణ్ణి.

చావు రోజున కారికారి కూడా నల్లబట్ట కట్టుకొచ్చాడు. ఒక పొట్టేలూ, పెట్టెడు జిన్నుసారా సీసాలూ తెచ్చాడు. మైకులో వాడి పేరు చదివితే జనం చప్పట్లు కొట్టారు. వాడు అక్క పెట్టె మీద చెయ్యివేసి ఏడ్చాడు కూడానూ. వాడు ఏడవడా మరి, ఆ పెట్టెలో ఉన్నది ఎవరు? కంపెనీవాళ్లు మూటల కోసం వచ్చి చూస్తే షెడ్డులో సగం కూడా లేవు. మర్యాదస్తులు, దణ్ణం పెట్టి లేచారు. పక్క తాలూకాకి వెళ్లిపోయారు, అంతే.

ఏంటీ? ఇప్పుడు ఈ గింజలు ఎవరికి అమ్ముతున్నానా? ఇంకెవరున్నార్రా, కారికారి కొడుక్కే. లారీ రేపొస్తుంది... వాన మబ్బేసింది చూడు. లే, గింజలు తడుస్తాయి, ఆ చాప అటు కొస పట్టు.