బటన్ల కింద నీడలు ఊడ్చినాయన

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా మేనల్లుడు. బస్టాండు గేటు పక్కన టీ కొట్టు వాడిదే. వాడు విన్నది విన్నట్టు చెప్తాడు, నేనూ ఒక్క మాట కలపకుండా రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం కొట్టు బెంచీ మీద స్క్రీనాయన కూర్చున్నాడు. టికెట్ కౌంటర్లలో కంప్యూటర్ తెర మీద ఏది ఎక్కడ ఎలా కనపడాలో కోడ్ రాసేది ఆయనే, అందుకే ఆ పేరు. ఆయన నోరు విప్పితే మా వాడికి పాలు పొంగిపోయినా తెలీదు, అంత ఇష్టం. ఎదురుగా ఆయన వదిన, కౌంటర్లో అందరికంటే పాత మనిషి. కొత్త తెర ఉంచాలా, పాతదే మళ్ళీ పెట్టాలా అన్నది సాయంత్రం మీటింగులో కౌంటర్ల తరఫున ఆవిడే చెప్పాలి. ఆవిడ వద్దంటే ఆయన నెలల కష్టం నీళ్ళపాలే. అది తెలిసే ఆయన మొదలుపెట్టాడు.

“పెద్ద పనేం కాదు వదినా. ‘టికెట్ ఇవ్వు’ అనే బటన్ ఉందా, పాత తెరలో దాని కింద ఒక నీడ, మీద ఒక మెరుపు, నొక్కితే చెరువులో రాయి పడ్డట్టు ఒక అల. ఆ అల ఒడ్డుకు చేరేదాకా టికెట్ రాదు. పెళ్ళికూతురి ముస్తాబు బటనుకెందుకయ్యా అని నీడ తీసేశాను, అంతే.”

“ఒక్కదానికేనా?” అన్నాడు టీకొచ్చిన డ్రైవరు ఒకడు.

“ఒక్కోటీ తీస్తూ కూర్చోడానికి నేనేమైనా బియ్యంలో రాళ్ళేరుతున్నానా? కోడ్‌లో తల్లి బటన్ అని ఒకటుంటుంది, పిల్ల బటన్లన్నీ దాన్ని చూసే ముస్తాబవుతాయి. నేరుగా తల్లి దగ్గరికే వెళ్ళి నీడ, మెరుపు, అల, చుట్టూ ఏ హంగుంటే ఆ హంగు, మొత్తం సున్నా చేసేశాను. దెబ్బకి అన్ని తెరల్లో అన్ని నీడలూ టపటపా రాలిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంప్యూటర్లు చల్లబడిపోయి కౌంటర్లో వాళ్ళు స్వెట్టర్లు తెచ్చుకున్నారు.”

“నేను తెచ్చుకోలేదే” అంది వదిన.

“నీది కిటికీ పక్క సీటు కదా వదినా, ఎండ తగుల్తుంది. అటు చివర చూడాల్సింది, బరువు తగ్గి మానిటర్లు బల్ల మీంచి లేవబోతుంటే తాళ్ళేసి కట్టించాను.”

“మరి రాలిన నీడలేం చేశావు?” అన్నాడు డ్రైవరు పక్కనున్న కండక్టరు.

“అలా అడుగు! ఎక్కడికి పోతాయి, నేల మీదే మోకాళ్ళ లోతు. చీపురేసి ఊడ్చి, గోతాల్లో కట్టి, రేకుల్లేని ఆ చివరి ప్లాట్‌ఫారం మీద పరిచేశాను. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడెవరూ గొడుగు తీయట్లేదు చూడు. ఒక్క నీడ మాత్రం తప్పించుకుని ఎవరో కండక్టరు వెంట ఇంటికి పోయింది. ఒక్క మనిషికి రెండు నీడలేమిటి, ఆ రెండోది ఎవత్తిదని వాళ్ళావిడ నిలదీసిందట!”

“నేను కాదు బాబూ” అన్నాడు కండక్టరు, కాళ్ళ దగ్గర ఓసారి చూసుకుని.

మా వాడు టీ వడకట్టడం మానేసి గరిటె పట్టుకుని నిలబడిపోయాడు.

“అసలు సంగతి వేగం. అడ్డేం లేకపోయేసరికి వేలు మీట మీద పడకముందే టికెట్ వచ్చేయడం మొదలెట్టింది. తర్వాత్తర్వాత మనిషి ఊరి పేరు చెప్పకముందే. నిన్నేమైందో తెలుసా? ఒక అల్లుడు అత్తగారిని బస్సెక్కించడానికి వచ్చాడు. దగ్గుదామని నోరు తెరిచాడంతే, టికెట్ చేతిలో పడింది! ఆయన ఊరెళ్ళిపోయాడు, అత్తగారు ఇంటికెళ్ళిపోయింది. ఇవాళైతే మరీను, ఇవాల్టి టికెట్లన్నీ నిన్నే వచ్చేశాయి. అందుకే కదా వదినా నువ్విలా తీరిగ్గా కూర్చున్నావు!”

అందరూ గొల్లుమన్నారు. వదిన నవ్వలేదు.

“మరిదీ, ఆ అల్లుడు వచ్చింది నా కౌంటరుకే. ఆయన ఎక్కడికీ వెళ్ళలేదు. తనకీ అత్తగారికీ టికెట్లు అడిగాడు, నేను రెండూ రద్దు చేసి పారేశాను.”

“అయ్యో, ఎందుకూ?”

“ఎందుకా? మేం మౌస్ ముట్టుకోం. టాబ్ మీట నొక్కుకుంటూ ఒక బటన్ మీంచి ఇంకో బటన్ మీదకి పోతాం. ఎక్కడున్నామో చుట్టూ నల్ల గీత కనపడేది. నీ హంగులతో పాటు దాన్నీ ఊడ్చేశావు. ‘ఇవ్వు’ మీదున్నాననుకుని ‘రద్దు’ నొక్కాను. వాళ్ళ బస్సు వెళ్ళిపోయింది. ఆ అత్తగారు నన్నన్న మాటలు నీ గోతాల్లో పట్టవు.”

స్క్రీనాయన గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

“గీత కూడా తల్లి బటన్‌లోనే ఉంది” అన్నాడు. “అదీ హంగే అనుకున్నాను వదినా.”

“నీకు హంగు. నాకు కళ్ళు.”

“అయితే సాయంత్రం వద్దంటావా?”

“ఎవరన్నారు? తెర చకచకా వస్తోంది, లేదంటే అబద్ధమాడినట్టే. ఆ నీడలూ అలలూ మళ్ళీ తెచ్చావో, ఊరుకోను. గీత మాత్రం ఇప్పుడే తే. లావుగా గీయి, నా కళ్ళజోడుకి ఆనేట్టు.”

ఆయన అక్కడికక్కడే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడు. టీ చల్లారేలోపు గీత కౌంటర్లో కనపడింది. వదిన లోపలికెళ్ళి చూసి కిటికీలోంచి తలూపింది. సాయంత్రం మీటింగులో కొత్త తెరే ఉంచమంది. అంత బాగా కోతలు కోసేవాణ్ణీ, అంత త్వరగా తప్పు దిద్దుకునేవాణ్ణీ చూడలేదంటాడు మా వాడు. నేనూ ఒప్పుకుంటాను.

ఒప్పుకోనిది ఒక్కటే. ఆ లావు గీత కూడా ఆయనకే తట్టిందని ఇప్పుడు ఆఫీసులో చెప్పుకుంటున్నారట. ఆయన కాదనడం లేదట. నీడలు ఊడ్చింది ఆయనే, ఆ పేరు ఆయనకే ఉండనివ్వండి. గీత పెట్టించింది మాత్రం వదిన. అక్కడ పనిచేసేవాళ్ళెవరైనా ఇది చదివితే, ఆ ముక్క నలుగురిలో, ఆయన వినేట్టు ఒకసారి చెప్పండి.