ఇరవై ఏడు ఇంచుల తెర

చేవెళ్లలోని కంప్యూటర్ దుకాణంలో, తెరలోనే అన్నీ ఇమిడిన పెద్ద డెస్క్‌టాప్ ముందు భార్యాభర్తలు చాలాసేపటి నుంచి నిలబడి ఉన్నారు. అతని ల్యాప్‌టాప్ పాడైంది.

"మల్ల ల్యాప్‌టాపే తీసుకుంట. ఇంట్ల పనికి గింత పెద్దది ఎందుకు?"

"చిల్కూరు గుడిల నూటెనిమిది ప్రదక్షిణలు ఆ బ్యాగు వీపుకేసుకొనే తిరిగినవ్. నడుమల ఆఫీసు ఫోనొస్తే ఆడనే మెట్ల మీద తెరిచి కూసున్నవ్. లెక్క తప్పి, మల్ల ఒకటి నుంచి మొదలువెట్టినవ్."

"ఏం జేయాలె, అర్జెంటు పని ఉండె."

"బువ్వ కాడికి అదే, మంచం మీదికి అదే. గిది ఎత్తుకొస్తవా?"

"యాడికెత్తుకొస్త? దీనికి బ్యాటరీ గూడ ఉండదు. కరెంటు పోతే బందే."

ఆమె పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది.

"అయితే ఇదే ప్యాక్ చేయమను. ఇన్వర్టర్ లైను మాత్రం దీనికియ్యకు."