పదీ నలభై రెండుకి ఎగిరిన కంప్యూటర్

"పెద్ద పనేం కాదమ్మా, వెనక రెండు స్క్రూలు తిప్పానంతే," అన్నాడు టైమ్‌కీపర్ బాబాయి, టీ గ్లాసు బల్ల మీద పెడుతూ.

ఆయన ఏ సంగతైనా 'పెద్ద పనేం కాదు' అని మొదలుపెట్టాడంటే ఇక ఆ సాయంత్రం ఆయనదే అని దర్జీకి తెలుసు. మిషన్ తొక్కడం ఆపకుండానే ఓసారి తలెత్తి చూశాడు. కొట్టు ముందు బల్ల మీద బాబాయి, పక్కన ఉత్తరాల సంచీ ఒళ్లో పెట్టుకుని పోస్ట్‌మాన్, లోపల కుర్చీలో లైబ్రరీ మేడమ్. ఆవిడ ఏదో కుట్టు పని ఉందని గుడ్డసంచీతో వచ్చింది గానీ, అదేమిటో చెప్పేలోపే బాబాయి అందుకున్నాడు.

ఎందుకు అందుకున్నాడో కూడా దర్జీకి తెలుసు. లైబ్రరీలో కంప్యూటర్ గదికి నెల రోజులుగా తాళం పడి ఉంది. అక్కడి కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, దాన్ని చూసుకునే మనిషి వేరే ఊరికి మారిపోయాడు. నమ్మకమైనవాళ్లు ఎవరైనా దొరికితే తాళంచెవి అప్పగించాలని మేడమ్ చూస్తోంది. ఆ కబురు బాబాయి చెవిన పడేసింది పోస్ట్‌మానే. ముప్పై ఆరేళ్లు బస్సు డిపోలో ఏ బస్సు ఎన్నింటికి కదిలిందో, ఎన్నింటికి చేరిందో రాసిన మనిషి బాబాయి. ఆయన చేతిలో ఎర్రపెన్ను చూస్తే డ్రైవర్లు హడలిపోయేవాళ్లు. రిటైరయ్యాక ఆయన్ని టైమెంతని అడిగేవాళ్లు కూడా లేకుండా పోయారు, అందరి జేబుల్లోనూ ఫోన్లే. నలుగురూ వచ్చి అడిగే చోట ఒక కుర్చీ, ఒక బల్ల, జేబులో ఒక తాళంచెవి ఉండాలని ఆయనకి ప్రాణం పీకుతోంది. ఈ వయసులో అంతకంటే గొప్ప కోరిక ఏముంటుంది, ఉండనీ అని దర్జీ కూడా మనసులో అనుకున్నాడు.

"ముందు మామూలు మనుషులు చేసేవన్నీ నేనూ చేశానమ్మా," బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఆపి మళ్లీ ఆన్ చేశా. తీగలన్నీ ఊడబీకి మళ్లీ పెట్టా. నెత్తి మీద ఒక దెబ్బ కూడా వేశా, ప్రేమగానే. లాభం లేదు. ఆన్ చేసిన ఇరవై నిమిషాలకి నీలం తెర, దాని మీద తెల్ల అక్షరాలు, ఆపైన చీకటి. పన్నెండేళ్ల డబ్బా కదా, రిపేరు షాపులో చూసి 'దీనికి కాలం చెల్లిందండీ, కొత్తది కొనుక్కోండి' అన్నారు. నన్నన్నట్టే అనిపించింది. పట్టుదల వచ్చేసింది. ఆదివారం పొద్దున్న పది గంటలకి స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చున్నా."

"ఆ స్క్రూడ్రైవర్ నాదే బాబాయిగారూ," అన్నాడు దర్జీ. "మిషన్ సొరుగులోది. మూడు రోజులుగా వెతుకుతున్నా."

"ఉందిలేవయ్యా, ఇదిగో జేబులోనే. కథ మధ్యలో ఇనప సామాన్ల గోలెందుకు?" బాబాయి మళ్లీ మేడమ్ వైపు తిరిగాడు. "మూత తీశానో లేదో, లోపలంతా దుమ్ము. దుమ్మంటే మీరనుకునే దుమ్ము కాదు. ఒక బకెట్ ఎత్తా. రెండో బకెట్ ఎత్తా. ఏడో బకెట్లో ఏం దొరికిందో తెలుసా? ఎనిమిదేళ్ల కిందట పోయిన మా ఆవిడ చెవి దిద్దు. పదకొండో బకెట్లో నా డిపో విజిల్. ఊది చూశా, ఇంకా మోగుతోంది."

పోస్ట్‌మాన్ బుగ్గ గోక్కున్నాడు. "గురువుగారూ, నాకు తెలియక అడుగుతాను. ఆ డబ్బా చూస్తే రెండు జానెలుంటుంది. పదకొండు బకెట్ల దుమ్ము ఎలా పట్టింది?"

"అదే పాతకాలపు తయారీ అంటే. ఇప్పుడొచ్చేవాటిలో చెంచాడు దుమ్ము కూడా పట్టదు. సరే, దుమ్ము వదిలింది. ఫ్యాన్ సంగతి చూద్దాం కదా అని వేలు పెట్టి తిప్పితే, తిరగనంటూ మూలుగుతోంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? కుట్టుమిషన్ నూనె, ఒక్క చుక్క వేశా. ఒక్కటే. రెండో చుక్క వేసుంటే ఇవాళ ఇలా మీ ముందు కూర్చుని ఉండేవాణ్ణి కాదు."

"నూనె సీసా కూడా నాదేనేమో," అని గొణిగాడు దర్జీ. ఎవరూ పట్టించుకోలేదు.

"స్విచ్ వేశా. ఫ్యాన్ అందుకుంది చూడండీ, ముందు కర్టెన్లు లేచాయి. గోడ మీద క్యాలెండర్ రెపరెపలాడి పన్నెండు నెలలూ తిరిగిపోయి, చివరి అట్ట కనిపించింది. ఎదురింటివాళ్లు బాల్కనీలో తడిబట్టలు ఆరేసుకున్నారు. అవి ఆరిపోయాయి. ఆరడమే కాదు, ఇస్త్రీ కూడా అయిపోయాయి. ఎదురింటావిడ వచ్చి చొక్కా మడత చూసుకుని ఎంత సంతోషించిందనీ."

"అన్నీ మడతలు పడ్డాయా?" అన్నాడు పోస్ట్‌మాన్.

"ఒక్క రుమాలు మిగిలిపోయింది. నేను అబద్ధం చెప్పను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? డబ్బా బల్ల మీంచి లేచింది. ముందు వేలెడు, ఆపైన జానెడు. ఇక లాభం లేదని రెండు చేతులా పట్టుకున్నా. నన్నూ లేపింది. పదీ నలభై రెండు, రాసి పెట్టుకున్నా. ఎక్కి కూర్చున్నా, కిటికీలోంచి బయటికి."

కోతలు కోయడంలో బాబాయికి ఒక నియమం ఉంది. దూరాలు పెంచుతాడు, బరువులు పెంచుతాడు, మనుషుల్ని గాల్లోకి లేపుతాడు, కానీ టైము విషయంలో మాత్రం కోయడు. ముప్పై ఆరేళ్ల చేతి అలవాటు అది. పదీ నలభై రెండు అన్నాడంటే ఆ నిమిషానికి ఆయన ఇంట్లో ఏదో ఒకటి జరిగే ఉంటుంది, కాఫీ కప్పు పడిపోవడమైనా సరే.

"మరి కరెంటు తీగో?" పోస్ట్‌మాన్ వదల్లేదు.

"మంచి ప్రశ్న. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు కలుపుకుంటూ మా ఆవిడ కిటికీలోంచి వదుల్తూ ఉంది, గాలిపటానికి దారం వదిలినట్టు. మౌస్ కుడికి జరిపితే కుడికి, ఎడమకి జరిపితే ఎడమకి. మార్కెట్ దాటా. మీ లైబ్రరీ మీదుగానే వెళ్లా మేడమ్. మీ మేడ మీద గొట్టం కారుతోంది, చూపించుకోండి."

"కారుతున్న మాట నిజమే," అంది మేడమ్. ఆవిడ నవ్వదు, తల ఊపదు, కళ్లజోడులోంచి అలా చూస్తుందంతే. బాబాయికి మాత్రం ఆ ఒక్క మాటతో ఏనుగంత బలం వచ్చింది.

"పదీ యాభైకి నీళ్ల ట్యాంకు మీదికి చేరా. ఇక దిగుదామని షట్‌డౌన్ నొక్కా. ఏమందో తెలుసా? 'అప్‌డేట్లు జరుగుతున్నాయి, దయచేసి ఆపవద్దు' అంది. గాల్లో వేలాడుతున్న మనిషితో అనే మాటేనా? నూటికి ముప్పై దగ్గర ఆగి కదలదే. కిందేమో జనం. కాకులొచ్చి పక్కన వాలి తెర కేసి చూస్తున్నాయి. ముప్పై అయిదు నిమిషాలు అలాగే కూర్చున్నా, డిపోలో వానాకాలం బస్సుల కోసం కూర్చున్నట్టు. పదకొండూ ఇరవై అయిదుకి నూరు పూర్తయింది. పదకొండూ ముప్పై ఒకటికి మా బల్ల మీద దిగా, మౌస్ కింది అట్ట కూడా జరగలేదు. అంతే, అప్పట్నుంచి మళ్లీ ఒక్కసారైనా ఆగితే ఒట్టు. ఇవాళ మూడో రోజు."

ఆ చివరి మాట కూడా నిజమే. అదే దర్జీ గుండెల్లో గుచ్చుకుంటోంది. ఎందుకంటే ఆ కంప్యూటర్ బాగుపడిన రహస్యం తన చేతి కిందే, మిషన్ సూది కిందే ఉంది.

ఆకుపచ్చ ముఖమల్ గుడ్డ. నాలుగు నెలల కిందట బాబాయి దగ్గరుండి కంప్యూటర్‌కి తొడుగు కుట్టించుకున్నాడు. పైన ముఖమల్, లోపల దూది, తీగలు దూరే కన్నం తప్ప ఎక్కడా సందు ఉండకూడదు, దుమ్మన్నది లోపలికి తొంగి చూడకూడదు అన్నాడు. దర్జీ కూడా ముచ్చటపడి, చేతి తొడుగంత బిగువుగా కుట్టి ఇచ్చాడు. మొన్న శనివారం సాయంత్రం పిన్నిగారు ఆ తొడుగు చంకన పెట్టుకుని వచ్చింది. "మీ బాబాయి ఇది తీయకుండానే కంప్యూటర్ ఆడిస్తున్నాడయ్యా. ఇవాళ చెయ్యి పెట్టి చూస్తే డబ్బా ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. నాలుగు నెలలుగా దానికి ఊపిరాడనివ్వలేదు. దీన్ని కోసి సోఫా దిళ్లకి గలీబులు కుట్టెయ్" అని చెప్పి వెళ్లింది. రెండు గలీబులు అయిపోయాయి, మూడోది నడుస్తోంది. బాబాయి ఇందాకట్నుంచి ఊళ్లో అన్నిటికేసీ చూస్తున్నాడు గానీ ఈ మిషన్ కేసి మాత్రం చూడటం లేదు.

"అలాంటి డబ్బాని దారిలో పెట్టినవాడికి," బాబాయి మెల్లిగా అసలు సంగతికొచ్చాడు, "లైబ్రరీలో డబ్బా ఒక లెక్కా మేడమ్? మీరు ఊ అనండి, రేపే విప్పేస్తా."

"మాది కూడా ఇరవై నిమిషాలకే ఆగుతోందండీ," అంది మేడమ్. "శుక్రవారంలోపు బాగుపడకపోతే తీసి పారేస్తామంటున్నారు కమిటీవాళ్లు. అందులో పద్నాలుగు వేల పుస్తకాల పట్టిక ఉంది. ఆరేళ్లు కూర్చుని ఎక్కించాను, ఇంకెక్కడా లేదు. ఎవరైనా విప్పితే అది కాస్తా పోతుందేమోనని భయంగా ఉంది."

దర్జీ కాలు ఆగిపోయింది. లైబ్రరీకి కూడా బాబాయి ఒక తొడుగు కుట్టించి ఇచ్చాడన్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. అదే ముఖమల్, అదే దూది, అదే బిగువు.

నోరు విప్పితే బాబాయి పరువు పోతుంది. విప్పకపోతే ఆరేళ్ల పట్టిక మీద రేపు పొద్దున్నే స్క్రూడ్రైవర్ పడుతుంది. పైగా రెండు తొడుగులూ కుట్టింది తనే.

మేడమ్ బాబాయిని అడిగింది. "మీది ఆఖరిసారి ఎప్పుడు ఆగిందండీ?"

"శనివారం, సాయంత్రం అయిదూ ఇరవై," అన్నాడు బాబాయి, ఆలోచించే పనే లేకుండా.

"మీరు స్క్రూడ్రైవర్ పట్టింది ఆదివారం పదింటికి. శనివారం రాత్రి మరి దాన్ని వాడలేదా?"

"వాడకేం, ఏడింటి నుంచి తొమ్మిదీ పది దాకా మా చెల్లెలితో వీడియోలో మాట్లాడాం."

"ఆగలేదా?"

బాబాయి నోరు తెరిచాడు. ఆగిందని ఒక్క మాట అంటే సరిపోయేది. కాకుల్ని వాలనిచ్చిన నోరు, కిటికీలోంచి ఎగిరిన నోరు, ఆ చిన్న మాట దగ్గర ఇరుక్కుపోయింది.

"ఆగలేదు," అన్నాడు చివరికి.

"అంటే మీరు విప్పకముందే బాగుపడిందన్నమాట. శనివారం అయిదూ ఇరవై తర్వాత ఏమైంది?"

బాబాయి చేతిగడియారం కేసి చూసుకున్నాడు. ఇక దర్జీ వల్ల కాలేదు. సూది కింద నుంచి గుడ్డ లాగి మేడమ్ ముందు పెట్టాడు. "అయిదున్నరకి పిన్నిగారు ఇది తెచ్చి ఇచ్చారు మేడమ్. బాబాయిగారి కంప్యూటర్ తొడుగు. వేడి బయటికి పోక ఆగిపోయేదట. కుట్టింది నేనే. తప్పు ఆయనదొక్కరిదే కాదు."

పోస్ట్‌మాన్ నవ్వబోయి బాబాయి మొహం చూసి సంచీలో తలదూర్చాడు.

మేడమ్ తన గుడ్డసంచీలోంచి ఇంకో ఆకుపచ్చ ముఖమల్ తొడుగు తీసి పక్కన పరిచింది. అంచు కొంచెం ఊడింది, అది కుట్టించుకుందామనే వచ్చింది ఆవిడ. దాని మీద పసుపు దారంతో అరచేతంత అక్షరాలు. 'టైమ్‌కీపర్ గారి బహూకరణ.'

"ఇది మీరు తెచ్చి తొడిగిన రోజు గుర్తుందా?"

"పోయిన నెల తొమ్మిదో తేదీ, సోమవారం. పదకొండుంబావు." ఆయన గొంతు సన్నగా అయిపోయింది.

"మాది మొదటిసారి ఆగింది ఆ రోజే. పదకొండున్నర ప్రాంతంలో."

"పదకొండూ ముప్పై అయిదు," అని దిద్దాడు బాబాయి. "నేనక్కడే ఉన్నా. కరెంటు పోయిందనుకున్నా."

ఆ మాట అనేశాక ఆయన భుజాలు వంగిపోయాయి. టీ గ్లాసు తీసుకుని, అందులో టీ లేదని చూసి మళ్లీ పెట్టేశాడు. ఆయన్ని అలా చూడటం కంటే నీళ్ల ట్యాంకు మీద చూడటమే నయం అనిపించింది దర్జీకి.

మేడమ్ సంచీ అడుగున వెతికి తాళంచెవి తీసింది. బాబాయి గ్లాసు పక్కన పెట్టింది.

"రేపు పదింటికి రండి. తొడుగు లేకుండా ఆన్ చేసి, ఆ పట్టిక ఇంకోచోట దాచే దాకా ఎదురుగా కూర్చోండి. ఆగితే ఎన్నింటికి ఆగిందో రాయండి. మీరు చెప్పింది ఒక్క ముక్క నమ్మను గానీ, మీరు రాసిన టైము నమ్ముతాను."

బాబాయి తాళంచెవి కేసి చూశాడు. అందుకున్నాడు. గడియారం చూసుకుని, "అయిదూ నలభై ఎనిమిది," అన్నాడు, దాన్ని జేబులో వేసుకుంటూ.

"ఆ జేబులోంచే స్క్రూడ్రైవర్ తీసి ఇక్కడ పెట్టి వెళ్లండి," అంది మేడమ్.

పెట్టాడు. బల్ల మీంచి లేచేసరికి భుజాలు మళ్లీ నిటారుగా నిలబడ్డాయి. వీధి మలుపు తిరగకముందే, పక్కన నడుస్తున్న పోస్ట్‌మాన్‌తో ఆయన "పెద్ద పనేం కాదయ్యా, మేడమే బతిమాలితే" అనడం కొట్లోకి వినిపించింది.

దర్జీ స్క్రూడ్రైవర్ సొరుగులో వేసి, రెండో తొడుగు చేతిలోకి తీసుకున్నాడు. "దీన్నేం చేయమంటారు మేడమ్?"

"ఆ గదిలో కుర్చీ గట్టిగా ఉంటుంది. దానికో దిండు కుట్టండి."

"ఈ అక్షరాలు పైకి రావాలా, అడుక్కి పోవాలా?"

మేడమ్ ఆ పసుపు అక్షరాలు ఓసారి చదువుకుంది.

"పైకే రానివ్వండి," అంది. "ఆయన కూర్చున్నంతసేపూ ఎలాగూ కనపడవు."